పిల్లల జబ్బు వాయిదా ఎరగదు

మా చెల్లెలి కొడుక్కి ఏడాది నిండేసరికి ఇంట్లో చిన్న అనుమానం మొదలైంది. పిలిస్తే పలికేవాడు కాదు. మా అమ్మ స్టీలు పళ్లెం తెచ్చి వాడి వెనకాల గచ్చు మీద కొట్టింది. వాడు గిరుక్కున తిరిగాడు. "చూశావా, చెవులు భేషుగ్గా ఉన్నాయి. మన ఇంట్లో మగపిల్లలకి మాట ఆలస్యమేలే అమ్మా" అని చెల్లెల్ని ఓదార్చింది. అందరం నమ్మాం. వాడు తిరిగింది చప్పుడు విని కాదని, గచ్చు అదురు కాళ్లకి తగలడం వల్లనని మాకు తెలిసేటప్పటికి వాడికి మూడేళ్లు దాటాయి. వినికిడి పరీక్ష చేసిన ఆవిడ కాగితం మీద గీతలు చూపించి, "ఓ రెండేళ్లు ముందు తీసుకొచ్చి ఉంటే ఎంత బావుండేదండీ" అన్నారు. ఆ మాటలో నింద లేదు. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

చెవి ఆపరేషన్‌కి డబ్బు ఎలాగో సమకూరింది. పోయిన రెండేళ్లు మాత్రం సమకూరలేదు. పుట్టిన ప్రతి బిడ్డ వినికిడినీ నెలలోపు పరీక్షించాలి, చెవుడుంటే మూడు నెలల్లోపు నిర్ధారించాలి, ఆరు నెలల్లోపు చికిత్స మొదలుపెట్టాలి అన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న లెక్క. మాట నేర్చుకునే మెదడు తొలి మూడేళ్లలో చకచకా ఎదుగుతుంది. చెవి మూసుకుపోయిన పిల్లవాడి కోసం అది ఆగదు.

పిల్లల వైద్యం, బీమా అనే విషయం మీద మన దగ్గర చర్చ ఎప్పుడూ లక్షల చుట్టూనే తిరుగుతుంది. పథకం పరిమితి రెండు లక్షలా, ఐదు లక్షలా, పాతిక లక్షలా? ఎన్ని వందల చికిత్సలు చేర్చారు? ఈ ప్రశ్నలు అవసరమే. కానీ పెద్దవాళ్ల మోకీలు మార్పిడి ఆర్నెల్లు ఆగినా చేయొచ్చు, పిల్లల వైద్యం అలా ఆగదు. వంకర పాదాలతో పుట్టిన బిడ్డకు తొలి వారాల్లోనే పిండికట్లు మొదలుపెడితే చాలావరకు పెద్ద కోత లేకుండానే పాదం సరవుతుంది. నడక వచ్చాక మొదలుపెడితే పని కష్టమవుతుంది. పుట్టుకతో థైరాయిడ్ లోపమున్న బిడ్డకు మొదటి వారాల్లోనే రోజుకో చిన్న మాత్ర మొదలైతే బడిలో అందరిలా చదువుకుంటుంది. నెలలు గడిచాక ఇస్తే బుద్ధిమాంద్యం మిగిలిపోతుంది. ఆ మాత్ర ఖరీదు కొద్ది రూపాయలు. దాన్ని వేళకి అందించడం ఎంత పెద్ద పరిమితి ఉన్న కార్డుతోనూ కొనలేని పని. మన పథకాలను బిడ్డ వయసు పెట్టి, వారాల్లో, నెలల్లో కొలిస్తే ఎలా కనిపిస్తాయో చూడాలన్నదే ఈ సమీక్ష ఉద్దేశం.

గుండెకు చిల్లు పడ్డ పిల్లలతో మొదలు

తెలుగు నేల మీద పెద్ద ఆరోగ్య పథకానికి బీజం పడింది పిల్లల దగ్గరే. 2004 తర్వాత వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పుట్టుకతో గుండె జబ్బున్న పేదపిల్లలకు సర్కారు ఖర్చుతో ఆపరేషన్లు చేయించడం మొదలుపెట్టింది. గుండెలో రంధ్రమున్న పిల్లల్ని చంకనేసుకుని ముఖ్యమంత్రి సహాయనిధి కోసం తిరిగే తల్లిదండ్రుల కథలు ఆ రోజుల్లో పత్రికల నిండా ఉండేవి. ఆ అనుభవం మీదే 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. తొలుత ప్రభుత్వం ప్రీమియం కడితే బీమా సంస్థ నడిపింది. తర్వాత ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించే పద్ధతి వచ్చింది. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. తెల్లకార్డు ఉంటే చాలు. ఆసుపత్రి గుమ్మంలో దారి చూపే ఆరోగ్యమిత్ర కూర్చుని ఉంటారు. భోజనం, డిశ్చార్జి తర్వాత మందులు, ఇంటికి బస్సు చార్జీ కూడా ప్యాకేజీలోనే.

వెయ్యి మంది పిల్లలు పుడితే 8 నుంచి 10 మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. కొన్ని వాటంతటవే పూడిపోతాయి, కొన్నింటికి తొలి ఏడాదిలోనే కత్తి పట్టాలి. ఆరోగ్యశ్రీ రాకముందు ఆ రెండో రకం బిడ్డ పేదింట పుడితే ఏమయ్యేదో ఊళ్లల్లో పెద్దవాళ్లకు తెలుసు. "ఆయుష్షు తక్కువ బిడ్డ" అనేవారు. ఆ మాట చాలా ఊళ్లల్లో వినపడకుండా పోయింది. ఒక ప్రభుత్వ పథకానికి ఇంతకంటే గొప్ప కితాబు ఉండదు. గ్రహణం మొర్రి, వెన్నుపూస లోపాలు, పిల్లల క్యాన్సర్లు, పుట్టు చెవుడుకు కాక్లియర్ ఇంప్లాంటు ఈ జాబితాలోకి వచ్చాయి. ఇంప్లాంటుకీ, తర్వాత మాట నేర్పే శిక్షణకీ కలిపి 6.50 లక్షల దాకా ట్రస్టు భరించింది. రోజుకూలీ ఇంట్లో బిడ్డ చెవికి ఆరున్నర లక్షలు పెట్టే ఏర్పాటు అంతకుముందు ఊహకైనా అందేది కాదు.

ఆ దారిలో ఆసుపత్రులూ పెరిగాయి. 2021 అక్టోబరులో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని తెరిచింది. హైదరాబాద్ నిమ్స్‌కు బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు వైద్యుడి నాయకత్వంలో ఒక బృందం వచ్చి, ఇక్కడి వైద్యులతో కలిసి పసిపిల్లల గుండెలకు శస్త్రచికిత్సలు చేసింది.

కేంద్రమూ ఇదే దారి పట్టింది. 2008లో అది తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో ఏడాదికి 30 వేలు, అదీ ఇంట్లో ఐదుగురికే. నాయనమ్మ పేరు రాయించాలా, మూడో బిడ్డ పేరు రాయించాలా అని ఇల్లే తేల్చుకోవాలి. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ ఆ తలల లెక్క తీసేసి, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలిచ్చింది. ఇక రాష్ట్రాలు పోటీపడ్డాయి. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 10 లక్షలకు పెంచింది; అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసి, చికిత్సల సంఖ్యను 3,257కు తీసుకెళ్లింది. ఆంధ్రలో పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. పేరు ఏదైనా, పెద్ద ఆపరేషన్ అవసరమైన పేదబిడ్డకు మంచం మీద చోటు హక్కుగా దొరికే స్థితి వచ్చింది. మంచం దాకా రావడం, మంచం దిగి ఇంటికెళ్లాక బతకడం ఎలాగన్నదే మిగిలిన ప్రశ్న.

కార్డు లెక్కలోకి రాని పిల్లలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. అంతకుముందు విడతలో ఈ లెక్కలు 58.6, 60.7. అంటే పథకాల పరిమితులు పెరుగుతున్న ఏళ్లలోనే పిల్లల ఒంట్లో రక్తం తగ్గుతూ వచ్చింది. వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రలో 31.2, తెలంగాణలో 33.1 శాతం. ఈ పిల్లల్లో చాలామందికి ఏ ఆపరేషనూ అక్కర్లేదు. కాబట్టి వాళ్లు ఏ బీమా లెక్కలోనూ లేరు.

బిడ్డకు మామూలుగా వచ్చేవి జ్వరం, విరేచనాలు, దగ్గు, నులిపురుగులు, చెవిలో చీము. మన పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ల కోసం కట్టినవి. చీటీ రాయించుకుని ఇంటికెళ్లే వైద్యానికి కార్డు పనిచేయదు. ఊళ్లో తల్లికి మొదట గుర్తొచ్చేది ఆర్‌ఎంపీ. ఆయన దగ్గర సూది మందు ఉంది, అప్పు ఉంది, రాత్రి పదింటికీ తలుపు తీసే గుణం ఉంది. ఆయన్ని తిట్టుకుని లాభం లేదు. ఆ మూడూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరక్కపోవడమే అసలు సమస్య. హైదరాబాద్ బస్తీ దవాఖానాలు, ఆంధ్రలో ఊరికి డాక్టరే వచ్చే ఏర్పాటు ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నాలే. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013–14లో 64.2 శాతం ఉండగా 2021–22కి 39.4 శాతానికి తగ్గింది. మంచి మార్పే. అయినా ప్రతి వందలో నలభై రూపాయలు ఇంకా ఇంటి నుంచే పోతున్నాయి.

కార్డు అడగకుండా ప్రతి బిడ్డకూ ఇచ్చేవాటిలో ముందుండేది టీకా. విరేచనాలతో పిల్లల్ని చంపే రోటా వైరస్‌కు టీకాను 2016లో దేశంలో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీకా తయారైంది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌లో. ఆదాయం ఎంత, కార్డు ఏ రంగు అని అడగకపోతే ఎంతదూరం వెళ్లగలమో టీకా కార్యక్రమం చూపిస్తుంది. అయినా ఐదో విడత సర్వే నాటికి అన్ని టీకాలూ పూర్తయిన పిల్లలు ఆంధ్రలో 73, తెలంగాణలో 79.1 శాతమే. ఉచితంగా ఇవ్వడంతోనే పని పూర్తి కాదని, వెంటపడి పూర్తిచేయించే మనిషి కూడా కావాలని ఈ అంకెలు చెబుతున్నాయి.

మొదటి ఇరవై ఎనిమిది రోజులు

దేశంలో 1971లో వెయ్యి మంది పుడితే 129 మంది ఏడాది లోపే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది; ఆంధ్రలో 24, తెలంగాణలో 21. ఆ 28 మందిలో 20 మంది పోయేది మొదటి 28 రోజుల్లోనే. అంటే పసిప్రాణాల మీద గండం చాలావరకు తొలి నెలలోనే ఉంది. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఒంట్లో చేరిన చీము రోగాలు దీనికి ముఖ్య కారణాలు. వీటికి ఇచ్చిన గడువు కొన్నిసార్లు గంటలే.

ఈ నెల విషయంలో రెండు రాష్ట్రాలకూ ఒక అనుకూలత ఉంది. ఆసుపత్రి కాన్పులు ఆంధ్రలో 96.5, తెలంగాణలో 97 శాతం. బిడ్డ పుట్టేది మన కళ్లెదుటే. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, మందులు, రక్తం, రాకపోకలు ఉచితం. జబ్బుపడ్డ నవజాత శిశువుకూ అంతే, తర్వాత దాన్ని ఏడాది వయసు దాకా పెంచారు. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశు చికిత్సా విభాగాలు వచ్చాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 బండి ఈ గొలుసుకు ముందు కొస.

గొలుసు తెగేది బిడ్డ ఇంటికి చేరాక. ఇక్కడ మనకు దారి చూపింది పొరుగునున్న మహారాష్ట్రలోని గడ్చిరోలి. ప్రాణహిత అవతలి ఒడ్డున, అడవి పల్లెల్లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డను తూచడం, ఊపిరి లెక్కపెట్టడం, ఒళ్లు చల్లబడకుండా చూడడం నేర్పారు. ఆ ఊళ్లల్లో నవజాత శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయని 1999లో ప్రపంచానికి తెలిసింది. దేశమంతటా ఆశా కార్యకర్త బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలన్న నియమం ఆ అనుభవం నుంచే పుట్టింది. ఆ ఆరు రాకపోకలు నిజంగా జరిగితే, ఒక్క బీమా రూపాయి ఖర్చు కాకుండానే ఎందరో బతుకుతారు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఇప్పటికీ డోలీ కట్టి గర్భిణిని మోసుకొచ్చే దారులున్నాయి. అక్కడ పాతిక లక్షల పరిమితి కంటే నాలుగు కిలోమీటర్ల రోడ్డు విలువైన బీమా.

బిడ్డను వెతుక్కుంటూ వచ్చే బండి

జబ్బును వేళకి పట్టుకునే పనికి దేశంలో ఒక మంచి పథకమే ఉంది. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షించమంటుంది. పుట్టు లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యాలు అని నాలుగు రకాలుగా ముప్పై సమస్యలు ఎంచింది. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు ఉండే బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి వెళ్లాలి. అనుమానం వస్తే జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2010లోనే బడిపిల్లల కోసం జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది కాబట్టి ఈ ఆలోచన మనకు కొత్త కాదు.

ఒక మధ్యాహ్నం నేను అలాంటి బృందం వెంట మెట్ట ప్రాంతంలో ఒక అంగన్‌వాడీకి వెళ్లాను. పిల్లలు అన్నం తిని బొజ్జలు నిమురుకుంటున్నారు. డాక్టరమ్మ ఒక్కొక్కర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని దండకి రంగుల టేపు చుట్టి చూస్తోంది, కనురెప్ప కిందకి లాగి చూస్తోంది, టార్చి వేసి నోట్లో అంగిలి చూస్తోంది. మూడేళ్ల పాప దగ్గర స్టెతస్కోపు కాసేపు ఎక్కువ ఆగింది. పిల్లల్ని ఊరుకోమని చెప్పి, మళ్లీ విన్నది. "గుండె చప్పుడులో తేడా ఉందమ్మా, జిల్లా ఆసుపత్రిలో ఎకో తీయించాలి" అని చీటీ రాసింది. తల్లి మిరప చేలో పని మధ్యలోంచి వచ్చింది, చేతులకి ఇంకా ఘాటు అంటుకునే ఉంది. "ఇప్పుడు దానికేం నొప్పి లేదు కదమ్మా? కోతలయ్యాక తీసుకెళ్తాను" అంది. డాక్టరమ్మ పాప వేళ్ల గోళ్లు చూపించి ఏదో చెప్పింది. తల్లి చీటీని మడిచి జాకెట్లో దోపుకుంది.

రెండు వారాల తర్వాత ఆమె వెళ్లింది. ఎకో తీసే డాక్టరు గారు వారానికి ఒక్క రోజే వస్తారని, ఆ రోజు అది కాదని చెప్పి పంపేశారు. ఆ రోజు కూలి పోయింది, ఆటో చార్జీ పోయింది. ఆమె మళ్లీ వెళ్లడానికి నెలన్నర పట్టింది, అదీ ఆ ఊరి ఆశా కార్యకర్త వెంటబెట్టుకుని వెళ్తేనే. ఆ పాపకి ఆపరేషన్ అవసరమే అని తేలింది, ఉచితంగానే జరిగింది. కాగితం మీద చూస్తే అన్ని పథకాలూ పనిచేసినట్టే. చీటీ రాసిన రోజుకీ, ఎకో తీసిన రోజుకీ మధ్య పోయిన కాలం మాత్రం ఏ నివేదికలోనూ ఉండదు. ఎందరికి పరీక్షలు చేశారన్నది ఒక శాఖ లెక్క, ఎన్ని ఆపరేషన్లకు చెల్లించారన్నది ట్రస్టు లెక్క. చీటీ అందుకున్న బిడ్డ ఆపరేషన్ బల్ల ఎక్కడానికి ఎన్ని రోజులు పట్టిందన్న లెక్క ఎవరిదీ కాదు.

పేరు, వేలిముద్ర, బకాయి

ఆసుపత్రి గుమ్మం దగ్గర ఇంకో కాలహరణం ఉంది. బిడ్డ పేరు రేషన్ కార్డులో ఎక్కలేదంటారు. తెలంగాణలో కార్డుల్లో కొత్త పేర్లు చేర్చడం ఏళ్ల తరబడి మందగించి, 2025లో మళ్లీ ఊపందుకుంది. ఆ ఏళ్లలో పుట్టిన పిల్లలు ఇంట్లో ఉన్నారు, కార్డులో లేరు. ఐదేళ్ల లోపు పిల్లల ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు. ఐదో ఏట, పదిహేనో ఏట కొత్తగా ఇవ్వాలి. ఇవ్వని బిడ్డకు చిక్కులే. జనన ధ్రువీకరణ పత్రంతో, తల్లిదండ్రుల కార్డు మీద పసిబిడ్డను చేర్చుకునే వెసులుబాటు ఉంటుంది. దాన్ని తెలిసిన ఆరోగ్యమిత్ర ఉన్న చోట పని గంటలో అవుతుంది, తెలియని చోట మీసేవకీ, ఆసుపత్రికీ మధ్య మూడు రోజులు పోతాయి.

పై కారణాలన్నిటికంటే పెద్దది బకాయి. ప్రభుత్వం ఆసుపత్రులకు సకాలంలో చెల్లించకపోవడం, వాళ్లు సేవలు ఆపేస్తామనడం ఏటా వినే వార్త అయిపోయింది. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘాలు ఆ మాట అనడమే కాదు, కొన్నాళ్లు ఆపాయి కూడా. పెద్దవాళ్ల ఆపరేషన్లు కొన్ని ఆ వారాలు ఆగుతాయి. కీమో మధ్యలో ఉన్న బిడ్డకు, రక్తనాళం మూయాల్సిన నెలల బిడ్డకు ఆ వారాలు లేవు. పరిమితిని 25 లక్షలకు పెంచుతూ బిల్లులు నెలల తరబడి ఆపితే, బయట బోర్డు పెద్దదవుతుంది, లోపల తలుపు మూసుకుంటుంది.

వలస మరో మెలిక. 2019 నవంబరు నుంచి ఆంధ్ర కార్డుతో హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఎంపికచేసిన ఆసుపత్రుల్లో చికిత్సకు వీలు కల్పించడం మంచి అడుగు. తెలంగాణ ఇటుక బట్టీల్లో ఒడిశా కూలీల పిల్లలు, పాలమూరు నుంచి ముంబయి వెళ్లిన కుటుంబాల పిల్లలు ఇంకా ఏ ఊరి అంగన్‌వాడీ పట్టీలోనూ పూర్తిగా లేరు. బాల స్వాస్థ్య బండి వచ్చిన రోజు వాళ్లు ఆ ఊళ్లో ఉండరు.

ఆపరేషన్ తర్వాతి బతుకు

మా మేనల్లుడి చెవి వెనకాల ఒక చిన్న యంత్రం ఉంటుంది. ఒకసారి దాని కేబుల్ తెగింది. చూడ్డానికి బొంగరం తాడంత ఉంటుంది. కొత్తది తెప్పించేదాకా పన్నెండు రోజులు వాడు బడిలో నోళ్లు కదలడం చూస్తూ కూర్చున్నాడు. బ్యాటరీలు, కేబుళ్లు, కొన్నేళ్లకు యంత్రమే మార్చడం, ఇవన్నీ కలిపితే లక్షల ఖర్చు. కాక్లియర్ ఇంప్లాంటు చేయించుకున్న తెలుగు పిల్లల తల్లిదండ్రులు ఎక్కడ కలిసినా మాట్లాడుకునేది ఇదే. లోపలి పరికరానికి లక్షలు పెట్టి, బయటి కేబుల్‌కి దిక్కు లేకపోతే పెట్టిన లక్షలూ మౌనంగా ఉండిపోతాయి. మాట నేర్పే శిక్షణ కోసం రెండేళ్లపాటు వారానికి రెండుసార్లు పట్నం రావాలంటే తల్లి పని మానుకోవాలి. ఎందరో అక్కడే ఆగిపోతారు.

తలసీమియా, సికిల్ సెల్ పిల్లలదీ ఇదే వరస. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన బిడ్డకు జబ్బు ఏడాదికో ఆపరేషన్ కాదు, జీవితకాలపు ప్రయాణం. ఈ సంగతి గుర్తించి ఆంధ్రప్రదేశ్ తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఉన్నవాళ్లకు నెలకు 10 వేల పింఛను ప్రకటించడం సరైన దారి. అరుదైన జబ్బులకు 2021 జాతీయ విధానం కింద ఇప్పుడు 50 లక్షల దాకా సాయం ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అందుకు కేంద్రంగా పనిచేస్తున్నాయి. వెన్నెముక కండరాలు క్షీణించే జబ్బుకు ఒక్క సూది 16 కోట్లని, ఇంటర్నెట్‌లో చందాలు అడిగిన తల్లిదండ్రులను మనం చూశాం. వాళ్లకు లక్షల మంది చేయి కలిపారు. ఆ దయకు దండం పెడతాను. కానీ ఏ బిడ్డ ఫొటో ఎక్కువమంది చూశారన్నదాన్ని బట్టి ఏ బిడ్డ బతకాలో తేలడం న్యాయం కాదు.

మధ్యలో మిగిలినవాళ్లు

తెల్లకార్డు రాని, పెద్ద ఉద్యోగం లేని కుటుంబాలను నీతి ఆయోగ్ 2021లో లెక్కగట్టింది; దేశ జనాభాలో సుమారు 30 శాతం, 40 కోట్ల మంది. షాపులో గుమాస్తా, ప్రైవేటు బడి పంతులు, క్యాబ్ నడిపే కుర్రాడు ఇందులోనే ఉన్నారు. నెలకు 21 వేల లోపు జీతమైతే ఈఎస్‌ఐ ఉంటుంది, అది దాటితే పోతుంది. ప్రైవేటు పాలసీ తీసుకుంటే చాలావాటిలో బిడ్డ చేరేది 91వ రోజు నుంచి. అంటే గండం గడిచాకే గొడుగు విప్పుతారు. పైకి కనిపించే పుట్టు లోపాలు, టీకాలు, ఓపీ ఖర్చులు సాధారణంగా బయటే. 2024లో ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలాన్ని గరిష్ఠంగా మూడేళ్లకు కుదించారు, 2025 సెప్టెంబరులో వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. పెద్దలకు ఇవి ఊరటే. పుట్టుకతో జబ్బున్న బిడ్డకు మూడేళ్ల నిరీక్షణ అంటే పసితనమంతా నిరీక్షణే.

అమెరికా ఒకసారి చేసిన తెలివైన పని

అమెరికా వైద్యం ఖరీదు గురించి మన ఇళ్లల్లో తెలియనివారు లేరు. ఉద్యోగం పోతే పిల్లల బీమా కూడా పోతుందన్న భయం అక్కడి తెలుగు కుటుంబాలకు నిత్యానుభవం. అయినా పిల్లల విషయంలో ఆ దేశం చేసిన ఒక పని మనం చూడదగ్గది. 1960ల్లో సైన్యానికి పిలిచిన యువకుల్లో ఎందరో ఆరోగ్య కారణాలతో పనికిరాకుండా పోయారు. ఆ లోపాల్లో చాలావాటిని చిన్నప్పుడే సరిచేయగలిగి ఉండేవారని తేలింది. 1965లో పేదల కోసం పెట్టిన మెడికెయిడ్‌లో 1967లో ఒక నియమం చేర్చారు. 21 ఏళ్ల లోపు పిల్లలకు క్రమం తప్పకుండా పరీక్షలు చేయాలి. పరీక్షలో ఏం బయటపడితే దానికి చికిత్స అందించాలి. కనిపెట్టడం, నయం చేయడం రెండూ ఒకే చట్టంలో, ఒకే బాధ్యత కింద ఉన్నాయి. 1997లో కాస్త పైమెట్టు కుటుంబాల పిల్లలకు ఇంకో పథకం తెచ్చారు. 2023లో కాగితాలు సరిచూసే పేరుతో లక్షల మంది పిల్లలు బీమా కోల్పోయారు. ఒకసారి చేరిన బిడ్డను ఏడాది దాకా తీసేయకూడదన్న నియమం 2024 జనవరి నుంచి దేశమంతటా వచ్చింది. ఓపీ విషయంలో థాయిలాండ్ కూడా చూడదగ్గదే; అది 2002లో అందరికీ ఇచ్చిన పథకంలో దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఆ వైద్యం కూడా భాగమే.

మన దగ్గర ఈ ముక్కలన్నీ ఉన్నాయి. బాల స్వాస్థ్య బృందం ఉంది, ఆశా ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది, మంచి సర్జన్లున్నారు. వీటిని కుట్టే దారం లేదు.

చేయదగిన పనులు

కాన్పు ఆసుపత్రుల్లోనే జరుగుతోంది కాబట్టి బిడ్డ ఇంటికెళ్లకముందే వేలికి ఆక్సీమీటరు పెట్టి గుండె, చెవికి యంత్రం పెట్టి వినికిడి, మడమ మీద రక్తపు చుక్కతో థైరాయిడ్, చేత్తో తుంటి, పాదాలు, అంగిలి చూడాలి. ఇవన్నీ కలిపి గంట పని. ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో దీన్ని తప్పనిసరి చేయాలి.

బాల స్వాస్థ్య బృందం రాసిన చీటీయే ఆరోగ్యశ్రీ, వైద్యసేవ ముందస్తు అనుమతి కావాలి. చీటీ మీదే ఎకో తేదీ వేయాలి, ఆ రోజు కూలి, చార్జీ తల్లికి ఇవ్వాలి. ఇంటికెళ్లే చార్జీ ఇచ్చిన పథకానికి, పరీక్షకు రప్పించే చార్జీ ఇవ్వడం కొత్త భారమేమీ కాదు.

జనన ధ్రువీకరణ పత్రమే 18 ఏళ్ల దాకా బిడ్డ కార్డు కావాలి. కార్డు రంగు, ఇంటి ఆదాయం పెద్దవాళ్ల విషయాలు. పిల్లల క్లెయిములకు విడిగా నిధి పెట్టి నెల లోపు చెల్లించాలి, మిగతా బకాయిల గొడవలో వాటిని కలపకూడదు. ఇంప్లాంటు కేబుల్, బ్యాటరీ, తలసీమియా మందు లాంటివి చికిత్సలో భాగమేనని ఒప్పుకోవాలి. జిల్లావారీగా, చీటీ నుంచి చికిత్సకు పట్టిన రోజుల సగటును ఏటా ప్రకటించాలి. ఎవరూ లెక్కపెట్టని రోజుల్ని ఎవరూ తగ్గించరు.

వీటిలో ఖరీదైనవి చాలా తక్కువ. పది, పాతిక లక్షల హామీ ఇచ్చే సత్తా ఉన్న రాష్ట్రాలకు ఇవి మోయలేని బరువు కావు.

మా మేనల్లుడు ఇప్పుడు ఆరో తరగతి. మాట వచ్చింది, కానీ తొందరపడితే తడబడుతుంది. తెలుగు పాఠం గట్టిగా చదవమంటే సిగ్గుపడతాడు. మొన్న మా పిన్ని కూతురికి కాన్పయితే చూడ్డానికి అమ్మని తీసుకెళ్లాను. డెబ్భై దాటిన మనిషి, బిడ్డ నుదురు ముద్దాడి, పోలికలు ఎంచకుండా, నర్సును దగ్గరికి పిలిచింది. "చెవి పరీక్ష చేశారా అమ్మా?" అని అడిగింది. యంత్రం పై అంతస్తులో ఉంది, రేపు చేస్తామని నర్సు చెప్పింది. అమ్మ సంచీ పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. "ఇవాళే చేయించండి, నేను ఆగుతాను" అంది.